కొడుకులు లేరు, కూతురు డల్లాస్‌లో: బెంగళూరులో మా ఇద్దరి చివరి ఏర్పాట్లు ఇప్పుడే ఎలా చేసిపెట్టుకోవాలి?

జేపీనగర్ రిటైర్డ్

నాకు 73, ఆవిడకు 69. కొడుకులు లేరు. ఒక్కతే కూతురు, డల్లాస్‌లో ఉంటుంది. కబురు తెలిసిన వెంటనే బయల్దేరినా ఇక్కడికి చేరడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. తమ్ముడి కొడుకు వైట్‌ఫీల్డ్‌లో ఉన్నాడు. పైలోకం మీద, కర్మల మీద మా ఇద్దరికీ నమ్మకం ఉంది కానీ ఒకే తీరులో లేదు. నాకు పన్నెండు రోజులూ శాస్త్రోక్తంగా జరగాలని ఉంది. ఆవిడకేమో కళ్లు ఇవ్వాలని, వీలైతే దేహాన్ని కూడా మెడికల్ కాలేజీకి ఇవ్వాలని. వెంటిలేటర్ మీద రోజులు లెక్కపెట్టుకోవడం మాత్రం ఇద్దరికీ వద్దు.

అడిగేవి ఇవి. కర్మ చేసే కర్త ఎవరు? కూతురి కోసం ఆపాలా? దేహదానం చేస్తే దహనం, పిండాలు ఏమవుతాయి? వెంటిలేటర్ వద్దని రాసిస్తే ఆసుపత్రిలో చెల్లుతుందా? ధైర్యం చెప్పే మాటలు అక్కర్లేదండీ, చేయాల్సిన పనులు చెప్పండి.

ఆపస్తంబుడు

ముందు కర్త సంగతి తేల్చుకోండి. కొడుకు, మనవడు, మునిమనవడు లేనప్పుడు భార్య, కూతురు, కూతురి కొడుకు, సోదరుడు, సోదరుడి కొడుకు అంటూ నిబంధన గ్రంథాలు వరస చెబుతాయి. ఈ వరస గ్రంథాన్ని బట్టి ఒకటి రెండు మెట్లు అటూ ఇటూ అవుతుంది. మీ పురోహితుడు దేన్ని పట్టుకుంటారో ఇప్పుడే అడగండి, శవాన్ని హాల్లో పెట్టుకుని వాదించుకునే విషయం కాదది. మీ అమ్మాయికి ఉపనయనమైన కొడుకు ఉంటే దౌహిత్రుడి అధికారం గట్టిది. ఆడవాళ్లకు అధికారం ఉన్నా తమ చేత్తో చేయని ఇళ్లలో దర్భ ఇచ్చి ఇంకొకరికి కర్తృత్వం అప్పగిస్తారు. భార్య దర్భ ఇస్తే మరిది కొడుకు చేయడం అందరూ ఒప్పుకునే పద్ధతే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, తమ్ముడి కొడుకు నిప్పు పెడతాడు, మూడోనాడు అల్లుడు విమానం దిగి ఇక నేను చేస్తానంటాడు. మొదటి రోజు పిండం పెట్టినవాడే పదో రోజు వరకు పూర్తి చేయాలన్నది నియమం. కాబట్టి ఎవరు మొదలుపెడతారన్నది ఒక పూట సర్దుబాటుగా చూడకండి. తమ్ముడి కొడుకును అడిగేటప్పుడు పన్నెండు రోజుల సెలవు, ఒంటిపూట భోజనం, కింద పడక, ఆ తర్వాత ఏడాది పొడవునా నెలనెలా పెట్టే మాసికాలు, ఇవన్నీ కలిపి అడగండి. ఒప్పుకుంటే అతని పేరు రాసిపెట్టండి, అతనికి జ్వరమొస్తే చేసే రెండో మనిషి పేరు కూడా.

కూతురి కోసం ఆపడం గురించి. నిత్యాగ్నిహోత్రం లేని ఇళ్లలో అశౌచం, అంటే మైల, లెక్క మరణించిన రోజు నుంచే, దహనమైన రోజు నుంచి కాదు. ఫ్రీజర్ పెట్టెలో రెండు రోజులు ఉంచినంత మాత్రాన పదో రోజు వెనక్కి జరగదు. తప్పిపోయిన రోజుల పిండాలు తర్వాత కలిపి పెట్టిస్తారు. ఒకటిన్నర రోజంటే పరవాలేదు. టికెట్ దొరక్క మూడు నాలుగు రోజులయ్యేటట్టుంటే ఆపకండి. అమ్మాయి అస్థి నిమజ్జనానికి అందుకుంటుంది. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది శ్రీరంగపట్నం దగ్గర పశ్చిమవాహినికి, మైసూరు రోడ్డులో సుమారు 125 కిలోమీటర్లు.

రోజుకో పిండం ఎందుకో తెలిస్తే ఆవిడ దేహదానం ప్రశ్నకు కూడా సగం జవాబు దొరుకుతుంది. గరుడపురాణం ప్రకారం ఈ దేహం పోయాక జీవుడి ప్రయాణానికి వేరే దేహం తయారుకావాలి. మొదటి పిండంతో తల ఏర్పడుతుంది, ఆ తర్వాత ఒక్కో రోజు ఒక్కో అంగం, పదో పిండంతో ఆకలిదప్పులు. అంటే దాత కళ్లు ఇచ్చినంత మాత్రాన పైలోకంలో గుడ్డివాడవుతాడన్న భయానికి ఆ పురాణంలోనే ఆధారం లేదు. ఆ దేహాన్ని కట్టేది పిండం, ఇక్కడ వదిలిన మాంసం కాదు.

పూర్తి దేహదానం మాత్రం ఇంకో మెట్టు. దేహం దొరకనప్పుడు 360 మోదుగ కాడలతో మనిషి ఆకారం పేర్చి దహనం చేసే పాలాశవిధి ఉంది: తలకు 40, మెడకు 10, రెండు చేతులకు 100, తొడలకు 100, ఇలా లెక్క. నీట మునిగి దొరకనివాళ్ల కోసం చెప్పిన విధి అది. కోరి దానమిచ్చిన దేహానికి ఇది వర్తిస్తుందని కొందరు ఆచార్యులు చేయిస్తారు, కొందరు ఒప్పుకోరు. చేయించే ఆయన నోట ముందే అవునో కాదో అనిపించుకోండి.

ఇంకొకటి. బెంగళూరులో అపరం, అంటే చావు కర్మలు, చేయించేవాళ్లలో ఋగ్వేదులు, ఆశ్వలాయన సూత్రం వాళ్లు చాలామంది కనిపిస్తారు. తెలుగు స్మార్తుల్లో ఎక్కువమందిది కృష్ణయజుర్వేదం, ఆపస్తంబం. ప్రయోగం వేరు, మంత్రాలు వేరు. కాబట్టి వేదం, సూత్రం, గోత్రం, ప్రవర రాసిపెట్టండి. మీ నాన్న, తాత, ముత్తాత పేర్లు రాయండి. ఆవిడే ముందు పోతే సపిండీకరణంలో ఆవిడ పిండం కలిసేది మీ అమ్మ, నాయనమ్మ, ముత్తవ్వల పిండాలతో. మగవాళ్ల పేర్లు మూడు తరాలు ఎవరైనా చెబుతారు, ముత్తవ్వ పేరు దగ్గరికొచ్చేసరికి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఊళ్లో పెద్దవాళ్లు ఉండగానే కనుక్కోండి.

కాగితం పులి

పై జవాబు పిండాల లెక్క, నాది గడియారం లెక్క. కళ్లకు 6 గంటలు. దేహదానానికి అదే పూట. దహనం మర్నాటికల్లా. మరణ నమోదుకు 21 రోజులు. విల్లు తెరిచేది ఇవన్నీ అయ్యాక. చాలామంది కళ్లదానం గురించి, కర్త గురించి విల్లులో రాసి బీరువాలో పెడతారు. తీసి చదివేసరికి పదమూడో రోజు దాటిపోతుంది. అందుకని విల్లులో ఆస్తి ఒక్కటే రాయండి. మిగతావన్నీ విడిగా ఒకే ఒక్క కాగితం మీద, గడువు దగ్గరగా ఉన్నది పైన వచ్చేలా రాయండి.

ఇంట్లో పోతే మొదట కావాల్సింది డాక్టరు ఇచ్చే మరణకారణ ధ్రువపత్రం. ఆసుపత్రిలో పోతే ఫారం 4, ఇంట్లో అయితే ఫారం 4ఏ. చితాగారంలో అడిగేదీ ఇదే, నమోదుకు కావాల్సిందీ ఇదే. తెల్లవారుజామున మూడింటికి ముక్కూమొహం తెలియని డాక్టరు వచ్చి సంతకం పెట్టడు. వీధి చివర క్లినిక్ అయినా సరే, ఇద్దరూ ఒకే డాక్టరు దగ్గర మూడు నాలుగు నెలలకోసారి చూపించుకుంటూ ఉండండి. మందుల చీటీలన్నీ ఒక ఫైలులో ఉంటే ఆయనకు సంతకం పెట్టడానికి ఆధారం ఉంటుంది. బాత్రూంలో జారిపడి తలకు దెబ్బ తగిలి పోతే అది మెడికో లీగల్ కేసు. పోలీసులకు చెప్పాల్సిందే, పోస్టుమార్టం ఉండొచ్చు. బకెట్టు నీళ్లతో అక్కడ కడిగేసి మామూలు మరణమని చెప్పించే సలహాలు ఇచ్చేవాళ్లుంటారు, వినకండి.

జేపీనగర్‌కు బనశంకరి విద్యుత్ చితాగారం దగ్గర. ఫారంతో పాటు పోయినవారి ఆధార్, తీసుకెళ్లేవారి ఆధార్ పట్టుకెళ్లాలి. ఛాతీలో పేస్‌మేకర్ ఉంటే ముందే తీయించాలి, వేడికి దాని బ్యాటరీ పేలుతుంది. ఈ ఒక్క ముక్క మీ కాగితంలో ఎర్రసిరాతో రాయండి.

నమోదు 21 రోజుల్లోపు. దాటితే 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో అవుతుంది. ఆపైన ఏడాది వరకు అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆసుపత్రిలో పోతే నమోదుకు వాళ్లే పంపుతారు, ఇంట్లో పోతే ఇంటివాళ్ల బాధ్యత. కర్ణాటకలో ఈ-జన్మ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా జరుగుతుంది. 2025 సెప్టెంబరులో నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి పాత చిరునామాలు నమ్మకుండా మీ వార్డు ఎందులో పడిందో చూసుకోండి. ధ్రువపత్రంలో పేరు ఆధార్లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. తెలుగువాళ్లకు ఇంటిపేరే గండం: ఆధార్లో పొడి అక్షరం, బ్యాంకులో పూర్తి ఇంటిపేరు, పెన్షన్ పుస్తకంలో అసలు లేదు. మూడూ ఇప్పుడే ఒకటి చేయించండి, పోయాక దిద్దించడం బతికున్నవాళ్లకు చాకిరీ.

విల్లుకు స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. మీ సంతకానికి ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకండి, అనుమానానికి తావిచ్చినట్టవుతుంది. మీకంటే చిన్నవాళ్లను, ఈ ఊళ్లోనే ఉండేవాళ్లను పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించమనే నా మాట. నామినీ పేరు ఉంది కదా, విల్లు ఎందుకు అనుకోవద్దు. నామినీ డబ్బు అందుకునే మనిషి, హక్కు వారసులది.

తెల్లకోటు

వెంటిలేటర్ ప్రశ్నకు: చెల్లుతుంది, సరిగ్గా రాస్తే. ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే కాగితాన్ని, అంటే ముందస్తు వైద్య నిర్దేశాన్ని, 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అప్పటి పద్ధతి ఎవరికీ సాధ్యపడేలా లేదని 2023 జనవరిలో సులువు చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరించుకుంటే చాలు. మీ తరఫున మాట్లాడేవాళ్ల పేర్లు ఒకటి కంటే ఎక్కువ రాయండి. కూతురు ఒక్కతే పేరు రాస్తే ఆమె విమానంలో ఉన్న గంటల్లో ఆసుపత్రి ఎవరితో మాట్లాడాలి? ఒక ప్రతి మీ డాక్టరుకు, ఒకటి పేరున్నవాళ్లకు, ఒకటి స్థానిక సంస్థలో నియమించిన అధికారికి. దీని అమలుకు కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరి 30న ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి ఇక్కడ ఆసుపత్రి మాకు తెలియదంటే ఆ ఉత్తర్వు చూపించండి.

రాసేటప్పుడు అన్ని చికిత్సలూ వద్దని ఒక్క వాక్యంలో తేల్చేయకండి. న్యుమోనియా వచ్చి నాలుగు రోజులు వెంటిలేటర్ పెడితే తిరిగి లేచి నడిచే మనిషికి కూడా ఆ వాక్యం అడ్డొస్తుంది. నయం కాని స్థితి అని వైద్యులు తేల్చాక శ్వాస గొట్టం, గుండె ఆగితే ఛాతీ నొక్కడం, డయాలసిస్, ముక్కు గొట్టంతో ఆహారం, వీటిలో ఏది వద్దో విడివిడిగా రాయండి. నొప్పికి మందు మాత్రం ఇవ్వాలని తప్పకుండా రాయండి. మీరు మాట్లాడగలిగినంత కాలం ఈ కాగితానికి పనిలేదు, మీ నోటిమాటే చెల్లుతుంది. మాట పోయాక చికిత్స చేసే డాక్టరుతో పాటు కనీసం ఐదేళ్ల అనుభవం ఉన్న ఇద్దరు నిపుణుల బోర్డు ఒకటి, దాని పైన రెండో బోర్డు ఒకటి చూస్తాయి. ఒక్కోటి 48 గంటల్లోపు చెబితే మంచిదన్నది కోర్టు మాట. అమలుకు ముందు మేజిస్ట్రేటుకు ఆసుపత్రి తెలియజేయాలి.

కళ్లకు వయసు అడ్డు కాదు. శుక్లాల ఆపరేషను, చక్కెర జబ్బు, కళ్లజోడు ఏవీ అడ్డు కావు. హెచ్ఐవీ, హెపటైటిస్, రేబిస్, రక్త క్యాన్సర్లు, ఒళ్లంతా పాకిన ఇన్‌ఫెక్షన్ ఉంటే తీసుకోరు. ప్రాణం పోగానే రెప్పలు మూసి పైన తడిదూది పెట్టండి. ఫ్యాను ఆపండి, ఏసీ ఉంటే వేయండి. తల కింద దిండు పెట్టి ఎత్తుగా ఉంచండి. ఫ్యాను ఆపడం మరిచిపోవడం వల్లే కార్నియా ఎండి పనికిరాకుండా పోతుంది. చుట్టాలు వస్తుంటారు, ఉక్కగా ఉందని ఎవరో స్విచ్ వేస్తారు. ఐ బ్యాంకు వాళ్లు ఇంటికే వస్తారు, పరీక్షకు కాస్త రక్తం తీసుకుంటారు, పని అరగంట లోపే. మొహం మారదు, ఆ తర్వాత స్నానం చేయించి కర్మ మొదలుపెట్టుకోవచ్చు.

దేహదానానికి షరతులు ఎక్కువ. పోస్టుమార్టం అయిన దేహాన్ని, అంటువ్యాధులు, మంచం పట్టడం వల్ల పడే పెద్ద పుండ్లు (శయ్యావ్రణాలు) ఉన్నదాన్ని కాలేజీలు సాధారణంగా తీసుకోవు. నెలల తరబడి మంచం పట్టినవాళ్ల విషయంలో చివరికి వద్దనడం మామూలే. ప్రతిజ్ఞ కార్డు ఉన్నా ఇంటివాళ్లు కాదంటే ఏ కాలేజీ బలవంతం చేయదు. మీ తమ్ముడి కొడుక్కి ఆవిడ కోరిక ఆవిడ నోటే చెప్పించండి. కాలేజీ తీసుకోకపోతే దహనం అని రెండో మాట కూడా రాయండి.

మదనపల్లె గాలి

బాపన ఇళ్ల లెక్కలు బాగా చెప్పారు. మా రాయలసీమ వైపు నుంచి ఇక్కడ స్థిరపడిన మిగతావాళ్లు కూడా చదువుతారు కాబట్టి ఒక మాట. చాలా కులాల్లో మూడో రోజు చిన్న కర్మ, పదకొండో రోజో మరో రోజో పెద్ద కర్మ. కన్నడిగులు హాలు తుప్ప అనేదీ ఆ మూడో రోజు పనినే. పూడ్చే ఆచారం ఉన్న ఇళ్లవాళ్లకు ఈ ఊళ్లో చోటు దొరకడమే గగనం, సొంతూరికి తీసుకెళ్లాలంటే వాహనం, దారి ఖర్చు ముందే అనుకోవాలి.

అద్దె ఇంట్లో ఉంటే ధనిష్ఠా పంచకం కూడా గుర్తుపెట్టుకోండి. ధనిష్ఠ రెండో సగం నుంచి రేవతి దాకా ఏ నక్షత్రంలో పోయినా ఇల్లు కొన్ని నెలలు పాడుపెట్టాలంటారు, ఎన్ని నెలలన్నది పంచాంగాన్ని బట్టి మారుతుంది. ఫ్లాటులో అది కుదరదు. పోయిన గది ఒక్కటి మూసి, శాంతి చేయించుకుని ఉండేవాళ్లే ఎక్కువ. ఇంటి ఓనరుకు ఇది తెలిస్తే కొత్త తలనొప్పి, కాబట్టి ఏం చేయాలో ముందే మాట్లాడుకోండి. అపార్ట్‌మెంటులో హోమం పొగకు అలారం మోగుతుందని అసోసియేషన్ వాళ్లు అడ్డుపడతారు. పదో రోజు నుంచి పన్నెండో రోజు వరకు బయట చోటు చూసిపెట్టుకోవడం మేలు.

దేహదానం మీద నా అభిప్రాయం: ఆవిడ దేహం, ఆవిడ మాట. ఆచార్యులు కొందరు ఒప్పుకోరంటే ఒప్పుకునే ఆయన్ని వెతకండి గానీ ఆవిడ చేత మాట మార్పించొద్దు.

జేపీనగర్ రిటైర్డ్

అందరికీ నమస్కారం. ఆవిడ మాట మార్పించే ఉద్దేశం లేదండీ. ఇంకో రెండు సందేహాలు ఆపస్తంబుడు గారికి. ఐసీయూలో పోతే చివరి గోదానం, దర్భల మీద పడుకోబెట్టడం ఏవీ కుదరవు కదా, ఎలా? బతికుండగానే తన శ్రాద్ధం తాను చేసుకునే జీవచ్ఛ్రాద్ధం, గయలో తన పిండం తానే పెట్టుకోవడం, రెండూ ఒకటేనా? మా అమ్మాయి తర్వాత ఏటేటా ఆబ్దికం డల్లాస్‌లోనే పెట్టిస్తే తిథి ఏ ఊరిది?

ఆపస్తంబుడు

చివరి గంటలోనే చేయాలని ఆగితే ఇప్పటి రోజుల్లో దశదానాలు జరగవు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేయొచ్చు. గోవు, భూమి, నువ్వులు, బంగారం, నెయ్యి, వస్త్రం, ధాన్యం, బెల్లం, వెండి, ఉప్పు, ఇవి పది. ఫ్లాటులో గోవును ఎక్కడ కట్టేస్తారు? నిష్క్రయం, అంటే దాని వెల ఇచ్చే పద్ధతి ఉంది. వైతరణీ గోదానం సంకల్పం వేరు, అది కూడా అప్పుడే విడిగా చెప్పించుకోండి. ఐసీయూలో చేయగలిగేది తులసి తీర్థం, చెవిలో నామం. గొట్టం ఉన్న నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పెదవులకు తడి చేస్తే చాలు.

జీవచ్ఛ్రాద్ధం, గయలో ఆత్మపిండం ఒకటి కాదు. గయలో జనార్దనుడి గుడిలో తన కోసం తాను పిండం పెట్టుకునే ఆచారం ఉంది. మిగతా పిండాల్లో కలిపే నువ్వులు దీంట్లో కలపరు. చేసేవాళ్లు ఎవరూ లేనివాళ్లు ఎక్కువగా దీన్ని ఆశ్రయిస్తారు, దీనివల్ల తర్వాత జరగాల్సినవి ఆగవు. జీవచ్ఛ్రాద్ధం లింగపురాణం చెప్పిన పెద్ద ప్రక్రియ. అది అయినవాడు పోయాక కర్మ చేసినా సరే, చేయకపోయినా సరే అని ఆ పురాణమే అంటుంది. తన బంధువులు పోయినా అతనికి అశౌచం లేదు, స్నానంతో శుద్ధి. అంటే ఇహంలోని లావాదేవీలకు ముగింపు చెప్పుకున్నట్టే. మీకు భార్య ఉంది, కర్త దొరికేలా ఉన్నాడు. పన్నెండు రోజులూ జరగాలని కోరుకుంటూ, అవి జరగకపోయినా ఫరవాలేదనే కర్మ ముందే చేసుకోవడం ఎందుకు? మీకు అక్కర్లేదని నా ఉద్దేశం. గయకు ఎటూ వెళ్తే పితృదేవతలకు పెట్టి రండి.

ఆబ్దికం మాట. తిథి నిర్ణయించేది ప్రాణం పోయిన క్షణం, ఆ ఊరి పంచాంగం ప్రకారం. అది మాసం, పక్షం, తిథిగా రాసుకోవాలి. ఇంగ్లీషు తేదీ ఒక్కటే రాసుకుంటే ఏడాదికి పనికిరాదు. కన్నడ పంచాంగం కూడా మనలాగే చాంద్రమానం, అమావాస్యతో నెల ముగుస్తుంది కాబట్టి బెంగళూరులో ఈ చిక్కు లేదు. మద్రాసులో తమిళ ఆచార్యుడు సౌరమానం నెల రాస్తాడు, అక్కడ జాగ్రత్త. ఆ తర్వాత ప్రతి ఏడాదీ డల్లాస్‌లో పెట్టేటప్పుడు చూడాల్సింది డల్లాస్ పంచాంగం. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. సూర్యోదయం ఆరింటికి, అస్తమయం ఆరింటికి అయితే మధ్యాహ్నం 1:12 నుంచి 3:36 వరకు. ఆ వేళకు అక్కడ ఏ రోజు ఆ తిథి ఉంటే ఆ రోజు. అందుకే ఇక్కడ చుట్టాలు చెప్పే తేదీకి, అక్కడ పెట్టే తేదీకి ఒకరోజు తేడా రావొచ్చు. అమ్మాయికి ఈ తేడా సంగతి ఇప్పుడే చెప్పి ఉంచండి, లేకపోతే ఫోన్లో ఎవరో ఒకరు తేదీ తప్పిందని బెదరగొడతారు. పోయిన నెల అధికమాసమైతే మాత్రం మామూలు ఏడాదుల్లో అదే పేరున్న నిజమాసంలో పెట్టాలి. మొదటి ఏడాదిలో అధికమాసం పడితే మాసికం ఒకటి పెరుగుతుంది.